బూజు డాక్టరు ఎడమ చెయ్యి

సెప్టెంబరు 23, 2019, సోమవారం

ఆ గ్లెన్ ఒస్టర్‌మన్ మళ్ళీ వచ్చాడు. నీళ్ళ శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, హాయిగా ఇంట్లో కూర్చుని సరస్సు మీద పడవలు చూసుకోవచ్చు కదా. లేదు. ఆనాటి టీవీ డాక్టర్ మోల్డ్, అదే మా బూజు డాక్టరు మీద పడ్డాడు. చంకలో నాలుగు ఫైళ్ళు, చేతిలో వేడివేడి పెపరోనీ బాల్స్, అదే మాంసం కూరిన రొట్టె ఉండల పొట్లం. ఆ పొట్లం లేకపోతే గుమ్మంలోంచే పంపించేదాన్ని.

పాత టీవీ స్టేషన్ ఉన్నచోట ఫలకం పెడతారట. దాని మీద రాయాల్సింది చదివి వినిపించాడు. "1957 నుంచి 1961 దాకా ప్రతి శుక్రవారం రాత్రి ఇక్కడినుంచి భయం సినిమాలు చూపించి, మధ్యమధ్యలో తన వెకిలి వైద్యంతో ఈరీ నగరంలోని పిల్లలందరినీ నవ్వించి, మంచాల కిందకి తరిమిన డాక్టర్ మోల్డ్, అనగా వాతావరణం చెప్పే నార్బర్ట్ జవోర్స్కీ." వచ్చే నెల ఇరవై ఆరున ఆవిష్కరణ. పోత పోసేవాళ్ళకి పదకొండో తేదీకల్లా మాటలు అందాలి.

"నిజమేదో పుక్కిటి పురాణమేదో తేల్చి రాయాలి, మిసెస్ జవోర్స్కీ. మీ ఆయన్ని అడిగితే రోజుకో మాట చెప్తున్నారు. మీరే దిక్కు" అన్నాడు.

సినిమా రీలు తెగినప్పుడు డాక్టరు నలభై నిమిషాలపాటు సాసేజ్‌కి ఆపరేషన్ చేశాడట. పదిహేడు నిమిషాలు అన్నాను. నిజమైన రక్తమట. చాక్లెట్ పాకం అన్నాను, నలుపు తెలుపు టీవీలో రక్తం కంటే అదే రక్తంలా ఉంటుంది. పోలీసులొచ్చారట. అగ్నిమాపక శాఖవాడొకడు వచ్చాడు, వాళ్ళ అమ్మాయికి సంతకం కావాలని. గ్లెన్ తన జాబితాలో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ, కొట్టేసిన ప్రతిదానికీ పన్ను పీకించుకున్నట్టు మొహం పెట్టాడు.

తర్వాత ఆ ఫొటో తీశాడు. మిగిలింది అదొక్కటే కదా, అప్పట్లో అంతా ప్రత్యక్ష ప్రసారం, ఎవరూ ఏదీ దాచలేదు. డాక్టరు కత్తి పట్టుకుని సాసేజ్ మీదకి వంగిన ఫొటో.

"ఎడం చెయ్యి చూశారా? మీ ఆయనదేమో కుడిచేతివాటం. మా అభిమానుల సంఘంలో ఇరవై ఏళ్ళుగా ఇదే గొడవ. ఫొటో తిరగేసి కడిగారని సగంమంది. కానీ వెనకాల సాసేజ్ కంపెనీ పేరు తిన్నగానే ఉంది. నేనేమంటానంటే, మీ ఆయన వాతావరణం చెప్పేటప్పుడు గాజు అద్దం వెనక నిలబడి, చూసేవాళ్ళకి తిన్నగా కనబడేలా అక్షరాలు తిరగేసి రాసేవారు కదా, ఆ అలవాటుకి రెండు చేతులూ ఒకేలా తిరిగేవి."

"అయ్యుండొచ్చు" అన్నాను.

లేచి కాఫీ కలపడానికి వెళ్ళాను. చెంచా తిప్పుతూ చూసుకుంటే ఎడం చేతిలో ఉంది. గబుక్కున కుడి చేతిలోకి మార్చుకున్నాను. ఎవరూ చూడలేదు.

సెప్టెంబరు 24

నాకు ఫలకం మీద పేరు అక్కర్లేదు. ఎనభై నాలుగేళ్ళు వచ్చాయి, ఏం చేసుకుంటాను.

సెప్టెంబరు 27, శుక్రవారం

మూడు రోజులుగా నిద్ర సరిగ్గా లేదు. ఇల్లంతా తిరుగుతున్నాను. వంటింటి అరలన్నీ ఖాళీ చేసి మళ్ళీ సర్దాను, అవి బాగానే ఉన్నాయి.

ఇవాళ మా ఆయన నార్బ్ దగ్గరికి, వృద్ధుల హోమ్‌కి వెళ్ళాను. హాల్లో నలుగురు ముసలాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని సాసేజ్ కథ చెప్తున్నాడు. "కడుపు కోస్తే ఏముందనుకున్నారు? ఇంకో సాసేజ్! దాని కడుపులో ఇంకోటి!" వాళ్ళు పకపకా నవ్వుతున్నారు. నన్ను చూసి ఆగాడు. తర్వాత కుడి చేత్తో గాలిని కోస్తూ మొత్తం పూర్తి చేశాడు. ఒక్క మాట పొల్లుపోలేదు.

కానీ ఆ మాటలు అతనివా! రాసింది నేను, చేసింది నేను.

ఇక్కడైనా తిన్నగా రాసుకోనీ. మొదటి పద్నాలుగు నెలలు నార్బ్ చేశాడు. జోకులు నేను వంటింట్లో రాసిచ్చేదాన్ని, రబ్బరు ముక్కు నేనే అతికించేదాన్ని, మొహానికి ఆకుపచ్చ రంగు నేనే పూసేదాన్ని. 1959 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం కెమెరా ముందు అన్నీ మర్చిపోయి, నిమిషంపాటు అలా చూస్తూ ఉండిపోయాడు. గ్లెన్ సంఘంవాళ్ళు ఆ నిమిషాన్ని ఇప్పటికీ పొగుడుతారు, అంతటి భయం ఇంకెవరూ పుట్టించలేదంటారు. భయపడింది మా ఆయన! తర్వాతి శుక్రవారం స్టేషన్ బయట కారులోంచి దిగనన్నాడు. ముక్కు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. ఇద్దరం ఒకే పొడుగు. డాక్టరు ఎప్పుడూ గుసగుసగా మాట్లాడేవాడు, గుసగుసకి ఆడా మగా ఏముంది. వెళ్ళాను. ఇక రెండున్నరేళ్ళు నేనే వెళ్ళాను. నార్బ్ వాతావరణం చెప్పి, కారులో కూర్చుని నాకోసం ఎదురుచూసేవాడు. తెలిసినవాళ్ళు ముగ్గురు, కెమెరా పట్టినవాడు, ఫ్లోర్ మేనేజరు, స్టేషన్ మేనేజరు ఫిచ్. ముగ్గురూ పోయారు.

అదంతా నేను క్షమించాను. క్షమించనిది ఆ ఉత్తరం.

1961లో ఫిచ్ నాకు ఉత్తరం రాశాడు. శనివారం మధ్యాహ్నాలు పిల్లల కార్యక్రమం, నా సొంత పేరుతో, నా సొంత మొహంతో చెయ్యమని. నార్బ్ దాన్ని దాచేశాడు. మంచులో కారు చక్రాలకి కట్టే గొలుసుల పెట్టెలో, గొలుసుల కింద. 1964లో గ్యారేజీ సర్దుతుంటే దొరికింది. అప్పటికి షో లేదు, ఫిచ్ లేడు.

అదీ సంగతి.

అక్టోబరు 1

మా అమ్మాయి ప్యాటీ కొలంబస్ నుంచి ఫోన్ చేసింది. ఫలకం సంగతి చెప్పాను.

"ఆయన పేరా? అమ్మా, నీకు సిగ్గుగా లేదూ? అన్నీ నువ్వు చేస్తే ఆయన పేరా? నీ ఉత్తరం దాచినవాడి పేరు కంచులో పోత పోయిస్తావా?"

"మీ నాన్న ముసలాడైపోయాడే."

"ముసలాడైతే? నాకు పద్నాలుగేళ్ళప్పుడు చెప్పావు నువ్వు, వంటింట్లో ఏడుస్తూ. నేను మర్చిపోలేదు. ఏటా క్రిస్మస్‌కి వచ్చి గంటసేపు కూర్చుంటున్నానంటే నీ మొహం చూసి."

నా కూతురు నా పక్షాన ఉంది. ఉండనీ. ఒక్కరైనా ఉండాలి కదా.

అక్టోబరు 4, శుక్రవారం

చెప్పేశాను. గ్లెన్ వచ్చి కూర్చోగానే, కోటు కూడా విప్పకముందే. "డాక్టర్ మోల్డ్ నేనే."

నవ్వాడు. నేను నవ్వలేదు. డ్రాయర్లోంచి కత్తి తీసి ఎడం చేత్తో పట్టుకుని, అతను తెచ్చిన పెపరోనీ బాల్ మీదకి వంగి, ఆ గొంతుతో అన్నాను, "పడుకోండి రోగులారా. ఈ పూట ఎవరి వంతు?"

అరవై ఆరేళ్ళ మనిషి కుర్చీ వెనక్కి జరిపాడు. తర్వాత మొహం చేతుల్లో దాచుకున్నాడు. నాకు కంగారుపుట్టి, నీళ్ళు ఇవ్వనా అంటే తల అడ్డంగా ఊపాడు. ఫైల్లోంచి ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన కార్డు తీశాడు. ఏడేళ్ళప్పుడు డాక్టరుకి ఉత్తరం రాశాడట, టాన్సిల్స్ ఆపరేషనంటే భయమేస్తోందని. జవాబొచ్చింది. "ప్రియమైన రోగీ, నేనూ రోజూ భయపడుతూనే ఉంటాను. ఐస్‌క్రీం అడగడం మర్చిపోకు." అక్షరాలు ఎడమవైపు వాలి ఉన్నాయి. చెయ్యి అక్షరాల మీదుగానే జరిగింది కాబట్టి సిరా అలుక్కుపోయింది. నా జన్మంతా నా ఉత్తరాలన్నీ అలాగే.

"ఇది మీరే రాశారా! అరవై ఏళ్ళు దాచుకున్నానండీ."

అప్పుడు నాకు ఒళ్ళు తెలియలేదు. ఉత్తరం సంగతీ చెప్పేశాను. గొలుసుల పెట్టె, గ్యారేజీ, అంతా. గ్లెన్ మొహం ఎర్రబడింది. ఫలకంతోపాటు ఒక చిన్న పుస్తకం వేస్తున్నాడట, అందులో ఇదంతా రాస్తానన్నాడు. "భార్య అవకాశాన్ని భర్త దాచేశాడని జనానికి తెలియాలి. ఫిచ్ కాగితాలు ఆయన మేనకోడలు చరిత్ర సంఘానికి ఇచ్చింది, పెట్టెలు ఇంకా విప్పలేదు. ఆ ఉత్తరం నకలు దొరుకుతుంది చూడండి."

"వెతకండి" అన్నాను.

చాలా తేలిగ్గా ఉంది. రెండు ప్లేట్లు ఆలుగడ్డ కూరిన పియెరోగీ కుడుములు తిన్నాను.

అక్టోబరు 6

తేలిగ్గా ఏమీ లేదు. నార్బ్ దగ్గరికి వెళ్ళలేదు. మోకాలి నొప్పి అని ఫోన్‌లో చెప్పాను. "వాన పడేలా ఉంది, మోకాలు చెప్తోందా?" అన్నాడు. మోకాలు బాగానే ఉంది.

అక్టోబరు 8, మంగళవారం

గ్లెన్ పొట్లం లేకుండా వచ్చాడు. కూర్చోలేదు.

రెండు కాగితాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది ఫిచ్ ఉత్తరం నకలు. నేను చెప్పినట్టే ఉంది, శనివారం మధ్యాహ్నం, నా పేరు, అంతా. నేను తలెత్తి చూశాను, చూశావా అన్నట్టు.

"రెండోది చదవండి" అన్నాడు.

నీలం సిరా. తేదీ 1961 ఫిబ్రవరి 20. "మిస్టర్ ఫిచ్‌కి, మీ దయకి చాలా కృతజ్ఞతలు. నేను చేయలేను. ఆ రబ్బరు ముక్కు లేకపోతే నాకు నోట మాట రాదు. దయచేసి ఈ సంగతి ఎవరితోనూ అనకండి. బెర్నీస్ జవోర్స్కీ."

"ఇది నేను రాయలేదు" అన్నాను.

"మిసెస్ జవోర్స్కీ..."

"నార్బ్ రాసుంటాడు. నా పేరు పెట్టి."

గ్లెన్ జేబులోంచి తన టాన్సిల్స్ కార్డు తీసి ఆ కాగితం పక్కన పెట్టాడు. అంతే.

వెళ్ళమన్నాను. కాదు, అరిచాను. గుమ్మం దాకా వెంటపడి అరిచాను. "నీళ్ళ బిల్లులు రాసుకునేవాడివి నీకేం తెలుసయ్యా" అన్నాను. పాపం, టోపీ మర్చిపోయి వెళ్ళిపోయాడు.

అక్టోబరు 9

దొంగ కాగితం.

వాన.

అక్టోబరు 9, సాయంత్రం

నార్బ్‌కి ఎడం చేత్తో రాయడం వచ్చుండొచ్చు. అద్దం వెనక రాసేవాడు కదా.

అక్టోబరు 10

రాయడం రాదు. అద్దం మీద కూడా కుడి చేత్తోనే రాసేవాడు. నేను చూశాను.

నావే. ఆ అక్షరాలు నావే.

అక్టోబరు 11, శుక్రవారం

పొద్దున్నే బస్సులో హోమ్‌కి వెళ్ళాను. దారి పొడుగునా ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది, ఎవరో వెనక నిలబడి అందిస్తున్నట్టు. ఫిచ్ ఉత్తరం వచ్చిన రోజు నేను అద్దం ముందు నిలబడి, ఉత్త మొహంతో "హలో పిల్లలూ" అనబోయాను. గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. అద్దంలో ఆవిడ నన్ను జాలిగా చూసింది. నాలుగు రోజులు అలాగే గడిచాయి. తర్వాత రాశాను. ఫిచ్ ఉత్తరాన్ని గొలుసుల పెట్టెలో పెట్టింది నేనే, నా కంట పడకూడదని. మూడేళ్ళ తర్వాత, ఇంకో స్టేషన్‌లో ఇంకెవరో అమ్మాయి సొంత మొహంతో పిల్లలతో ఆడుతుంటే చూసి, గ్యారేజీలోకి పోయి, అదేదో అప్పుడే దొరికినట్టు తెచ్చి నార్బ్ మొహాన విసిరాను. "నువ్వే దాచావు" అన్నాను. కాదు అనలేదు. కాదు అని ఉంటే ఆ రోజే ఆగిపోయేదాన్నేమో.

ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. కూర మాడినా ఆ ఉత్తరమే, కారు స్టార్ట్ కాకపోయినా ఆ ఉత్తరమే. అంటూ అంటూ నేనే నమ్మేశాను.

నార్బ్ కిటికీ దగ్గర కూర్చుని మబ్బులు చూస్తున్నాడు. గ్లెన్ వదిలివెళ్ళిన రెండో కాగితం అతని ఒళ్ళో పెట్టాను.

"ఇది నేను రాశాను నార్బ్. నువ్వు దాచలేదు."

కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా చదివాడు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"దీన్ని పోస్టు చేసింది నేనే కదా. నువ్వు ఇచ్చి కారులోంచి దిగనన్నావు. చలికి పోస్టు డబ్బా మూత బిగుసుకుపోయింది, బూటు తీసి కొట్టి తెరిచాను. ఒంటి కాలి మీద నిలబడి నిన్ను మూడుసార్లు అడిగాను, వెయ్యనా, వెయ్యనా అని. నా మేజోడు తడిసి గడ్డకట్టింది. దాన్ని ఎలా మర్చిపోతాను?"

మంచం మీద కూర్చున్నాను.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు నోరు మూసుకున్నావురా ముసలాడా?"

"నీకు ఎవరినో ఒకరిని తిట్టాలని ఉండేది బెర్నీ. నేను దగ్గర్లో ఉన్నాను." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకు ఆ ముక్కు పెట్టుకుంటే మాట పోయేది, నీకు తీస్తే పోయేది. నా బదులు నువ్వు రెండున్నరేళ్ళు ఆ లైట్ల కింద నిలబడ్డావు. నీ బదులు నేను నాలుగు తిట్లు తింటే ఏం పోయింది."

"నాలుగు కాదు. ప్యాటీ..."

కిటికీ వైపు తిరిగాడు. "అది కాస్త ఎక్కువే" అన్నాడు.

ఫలకం మాటలు ఇవాళే ఇవ్వాలి. హోమ్ ఆఫీసు ఫోన్‌లోంచి గ్లెన్‌కి చెప్పాను. టోపీ సంగతి ముందు చెప్పి, క్షమాపణ చెప్పి, తర్వాత ఇద్దరి పేర్లూ చెప్పాను. పుస్తకంలో ఉత్తరం గురించి ఏం రాయాలని అడిగాడు. "నేను చెప్పేదాకా ఏమీ రాయకండి" అన్నాను.

అక్టోబరు 13

ప్యాటీకి ఫోన్ చేశాను. "చెప్పమ్మా" అంది. వాతావరణం ఎలా ఉంది అక్కడ అని అడిగాను.

అక్టోబరు 17

మళ్ళీ చేశాను. మళ్ళీ వాతావరణమే.

అక్టోబరు 22

ప్యాటీ ఆవిష్కరణకి వస్తానంది. "నీకోసం వస్తున్నాను, ఆయనకోసం కాదు" అని మరీ చెప్పింది. పెట్టేశాక ఫోన్‌కి చెప్పాను నిజం, మొత్తం. ఫోన్ బాగానే విన్నది.

అక్టోబరు 26, శనివారం

ఇదంతా ఇవాళే రాయాలి.

నూటయాభై మంది దాకా వచ్చారు. సగంమంది ముక్కులు పెట్టుకుని, మొహాలకి తెల్లరంగు పూసుకుని. పచ్చరంగని ఒక్కరికీ తెలియదు. సరస్సు మీదనుంచి గాలి కోసేస్తోంది. నార్బ్ చక్రాల కుర్చీలో, ఒంటి మీద రెండు దుప్పట్లు. ప్యాటీ నా పక్కన నిలబడింది, అతనికి మూడు గజాల దూరంలో.

గ్లెన్ గుడ్డ లాగాడు. "నార్బర్ట్ జవోర్స్కీ, బెర్నీస్ జవోర్స్కీ." గుంపులో కలకలం. ఎవరీ బెర్నీస్ అని ఒకడు పైకే అన్నాడు. గ్లెన్ మైకు నా చేతికిచ్చాడు.

మాట రాలేదు. అచ్చం అద్దం ముందు నిలబడ్డ రోజులాగే. ముందు వరసలో ఒకావిడ జాలిగా చూసింది. నోరు తెరిచి మూశాను. ఎంతసేపో తెలియదు, వాళ్ళు ఇదీ నాటకంలో భాగమే అనుకునేంతసేపు.

అప్పుడు పక్కనుంచి, కుర్చీలోంచి, గుసగుసగా వినిపించింది. "పడుకోండి రోగులారా..."

నార్బ్. అరవై ఏళ్ళ తర్వాత. గొంతు సరిగ్గా కుదరలేదు, ఎప్పుడూ కుదరలేదు పాపం.

"ఈ పూట ఎవరి వంతు?" అన్నాను నేను, మైకులో. నా ఉత్త మొహంతో. "ఈ పూట నా వంతు."

నవ్వారు. చప్పట్లు కొట్టారు. నేను ఎడం చెయ్యెత్తి ఆపాను. చెప్పాను. ముక్కు పెట్టుకుని డాక్టరుగా చేసింది ఎక్కువ నేనేనని, ముక్కు లేకుండా రమ్మంటే భయపడి వద్దని రాసింది కూడా నేనేనని. "మా ఆయన నా ఉత్తరం దాచాడని మీలో కొందరు విన్నారు. నేనే చెప్పాను. అది అబద్ధం. నా జవాబుని ఆయన ఒంటి కాలి మీద నిలబడి పోస్టు చేసి, నేను అన్న మాటలన్నీ యాభై ఐదేళ్ళు పడ్డాడు. ఒక్కసారి కూడా కాదు అనలేదు. గ్లెన్, ఇది రాసుకోండి."

గ్లెన్ రాసుకున్నాడు. కళ్ళజోడు మసకబారింది కాబోలు, తుడుచుకుంటూ రాసుకున్నాడు.

నేను ప్యాటీ వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. మైకు తిరిగిచ్చేసి, కిందకి చూస్తూ నిలబడ్డాను. అది నా పక్కనుంచి కదిలింది. వెళ్ళిపోతోంది అనుకున్నాను.

తలెత్తేసరికి నార్బ్ కుర్చీ ముందు మోకాళ్ళ మీద ఉంది. జారిపోయిన దుప్పటి పైకి లాగి, అతని మెడ చుట్టూ దోపుతోంది. చాలాసేపు దోపింది, ఒకే చోట.

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"మీ అమ్మ చెప్తుందని చూశాను" అన్నాడు. ఆకాశం వైపు గడ్డం ఎత్తాడు. "ఇంకో పావుగంటలో వాన పడుతుంది. కారు దగ్గరికి తీసుకెళ్ళు."

అది కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రికి హోటల్‌లో ఉంటానంది. రేపు పొద్దున్న హోమ్‌కి వెళ్తుందట, నార్బ్‌తో బ్రేక్‌ఫాస్ట్‌కి. నన్ను రమ్మనలేదు.

వాన సరిగ్గా పావుగంటకే పడింది.